పొమ్మంటే వచ్చే కుక్కతో దివిసీమకు

ప్రొద్దుటూరులో మా అంగళ్ళ వీధిలో ఎవరైనా ఊరెళ్ళి వస్తే అడిగేవి రెండే ప్రశ్నలు. ఏం తెచ్చావు, ఎంతకు తెచ్చావు? నేను బందరు నుంచి కలంకారీ దుప్పట్లు తెచ్చాను. వాటితోపాటు ఎండు మెత్తళ్ళ వాసన కూడా తెచ్చాను. ఎన్నిసార్లు ఎండలో ఆరేసినా పోలేదు. పక్కింట్లో ఉల్లిపాయ తరిగితేనే ముక్కు మూసుకునే మా అమ్మ ఆ మూటను ఇంకా గడప దాటనివ్వలేదు. శాకాహారి మూటకు చేపల వాసన ఎలా పట్టిందో చెప్పాలంటే ప్రయాణమంతా చెప్పక తప్పదు. దుప్పట్ల ధర తెలిస్తే చాలనుకునేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. ఆ బేరంలోనూ నేను గెలవలేదు.

చవక గది

మచిలీపట్నాన్ని అక్కడ ఎవరూ ఆ పేరుతో పిలవరు. బందరు అంటేనే పలుకుతారు. బస్సు దిగి లాడ్జికి వెళ్తే గుమాస్తా రోజుకు ఆరు రూపాయలన్నాడు. నేను తక్కెడ పక్కన ఉయ్యాల్లో పెరిగినవాణ్ణి. మొదట చెప్పిన ధరకు ఏ వస్తువు కొన్నా మా వంశానికి మచ్చ. నాలుగున్నర అని, వెళ్ళిపోతున్నట్టు సంచీ ఎత్తాను.

"అలాగే కానివ్వండి" అన్నాడు గుమాస్తా, తల కూడా ఎత్తకుండా.

సులువుగా తెగిన బేరంలో పురుగుంటుందని మా నాన్న చెప్పేవాడు. ఆ మాట భోంచేసి నడుం వాల్చాక గుర్తొచ్చింది, అదీ కిటికీ అవతల ఓ మందెడు కుక్కలు ఒక్కసారిగా రాగం అందుకున్నాక. కిందికి దిగి గుమాస్తాను నిలదీశాను.

"ఆరు రూపాయల గది వీధి వైపండి. నాలుగున్నర గది కుక్కల దొడ్డి వైపు. మీరే ఏరుకున్నారు కదండీ" అన్నాడు.

దెబ్బలాడటానికి పక్క దొడ్డికి వెళ్ళాను. ఒకప్పుడు జుట్కాలు నిలిపే తాటాకు పాక అది. వేపనూనె, గంధకం, ఉడికిన నూకల జావ, అన్నీ కలిసిన వాసన. కాలు విరిగినవి, చెవి చీలినవి, బొచ్చు ఊడినవి, ఒక్కో కుక్కకూ ఒక్కో కథ ఉన్నట్టుంది. తెల్లచీర కట్టుకున్న ఒక పెద్దావిడ ముక్కాలి పీట మీద కూర్చుని ఓ కుక్క చెవికి కట్టు కడుతోంది. పాక మధ్యలో గోరింటాకు రంగు గడ్డంతో ఒక భారీ మనిషి గోధుమ రంగు ఆడకుక్క ముందు నిలబడి, కళ్ళల్లో ప్రేమంతా నింపుకుని అంటున్నాడు.

"ఛీ! పో! ఛీ పో, నా తల్లి కదూ!"

అని, దాని నోట్లో ఒక ఎండు మెత్తల్లు పెట్టాడు. అది తోకాడించుకుంటూ తింది. ఆయన మళ్ళీ "ఛీ పో, బంగారం" అన్నాడు. మళ్ళీ పెట్టాడు.

నేను దెబ్బలాట సంగతే మర్చిపోయాను.

పెద్దావిడ పేరు కృపామణి. మిషను ఆసుపత్రిలో నర్సుగా చేసి విశ్రాంతి తీసుకున్నారు. విశ్రాంతి అంటే ఇదన్నమాట. ఊరందరికీ ఆమె నర్సమ్మగారు. గడ్డం ఆయన ఖాదర్ వలీ. రిక్షాలు పెరిగి జుట్కాలు మూలపడేదాకా బందరు వీధుల్లో జుట్కా తోలినవాడు. గుర్రం చచ్చిపోయాక దాని పేరే ఈ కుక్కకు పెట్టాడు, రాణి అని. దాని జీను తోలునే కోసి కుక్క భుజాలకు పట్టీలు కుట్టాడు. పట్టీల మీద బెత్తం వంచి చేసిన పిడి ఉంది. చూపులేని మనిషి ఆ పిడి పట్టుకుంటే కుక్క ముందు నడిచి, గుంట వస్తే ఆగి, మనుషులుంటే పక్కకు తప్పించి తీసుకెళ్తుందట. తమ ఆసుపత్రికి వచ్చిన ఓ దొరసాని డాక్టరు తన దేశంలో అలాంటి కుక్కలుంటాయని చెప్పిన మాటను నర్సమ్మగారు పట్టుకున్నారు. చెప్పినావిడ ఎప్పుడో ఓడెక్కి వెళ్ళిపోయింది. విన్నావిడ ఇంకా వదల్లేదు.

"మరి ఆ తిట్లెందుకమ్మా?" అన్నాను.

"మీ ఊళ్ళో కుక్క కనపడితే ఏవంటారండీ?" అని ఎదురడిగారు.

"హచ్చ అంటాం."

"ఇక్కడ ఛీ పో అంటారు. ముద్దొచ్చినా అంటారు, కోపమొచ్చినా అంటారు. అసలు కుక్కని చూస్తే నోట్లోంచి వచ్చే మొదటి మాటే అది. ముందొక కుక్కకి ఏడాది నేర్పి, చూపులేని ఒకాయనకి ఇచ్చాం. బజార్లో టీకొట్టువాడు ఛీ పో అన్నాడు. అది హడిలిపోయి లగెత్తింది. ఆయన నడిరోడ్డు మీద చేతులు చాపి నిలబడిపోయాడు." ఆమె కట్టు ముడి వేశారు. "అప్పట్నుంచీ ఖాదరు ఈ పద్ధతి పెట్టాడు. తిట్టు వినపడితే తిండి గుర్తు రావాలి, భయం కాదు."

ఖాదర్ వలీ నన్ను ఎగాదిగా చూశాడు. "శెట్టిగారూ, గొంతు బాగుంది మీది. మా గొంతులన్నీ దీనికి అలవాటైపోయినయ్. కొత్త మనిషి తిట్టాలి. కాస్త సాయం పట్టండి."

తరతరాలుగా చేప ముట్టని మా వంశంలో మొదటిసారి ఒకడు ఎండు మెత్తల్లు వేళ్ళతో పట్టుకున్నాడు. నేను అలవాటుగా "హచ్చ" అన్నాను. రాణి నావంక జాలిగా చూసింది.

"ఆ మాట దానికి రాదండీ. మా బందరు తిట్టు తిట్టండి" అన్నాడు ఖాదర్ వలీ.

తిట్టాను. అది నా చెయ్యి నాకింది. నాలుగున్నర రూపాయల గది గురించి ఆ తర్వాత నేను మాట్లాడలేదు.

పెడనలో ఆరేసిన గుడ్డలు

మర్నాడు నేను పెడన వెళ్ళాలి, దుప్పట్ల కోసం. వాళ్ళిద్దరూ రాణిని తీసుకుని పెడన మీదుగా గుడివాడ, అక్కణ్ణుంచి దివిసీమ వెళ్తున్నారు. కలిసి వెళ్తే తోడుంటుందని నేనన్నాను. నర్సమ్మగారు ఒప్పుకున్నారు. ఒప్పుకున్నాక చూస్తే మందుల పెట్టె నా చేతిలో ఉంది, మెత్తళ్ళ మూట నా సంచీలో ఉంది. అంత చప్పుడు లేకుండా బేరం చేసే మనిషిని మా వీధిలో కూడా చూడలేదు.

పెడనలో అచ్చులద్దేవాళ్ళ వాకిళ్ళన్నీ గుడ్డలే. ఉడకబెట్టినవి, ఉతికినవి, కాలవగట్టు మీద పరిచినవి. ఖాదర్ వలీ కళ్ళకు గుడ్డ కట్టుకుని, రాణి పిడి పట్టుకుని వాటి మధ్య నడిచాడు. ఒక్క గుడ్డ మీద కూడా అడుగు పడలేదు. నేను మాత్రం చూస్తూ చూస్తూ వెనక్కి జరిగి, ఆరబెట్టిన నెమలి మీద కాలు వేశాను.

అద్దకం పనివాడు చిన్నగా నవ్వి, "కుక్కకి ధర తగ్గిస్తానండి. మీకు మాత్రం కుదరదు" అన్నాడు. తొక్కిన దుప్పటి కూడా నేనే కొన్నాను.

గుడివాడ షరతు

గుడివాడలో ఉదయం పెసరట్టు, అల్లం పచ్చడి తిన్నాం. మా వైపు పొద్దున్నే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ పడందే కళ్ళు తెరుచుకోవు. ఇక్కడి అల్లం పచ్చడిలో బెల్లం వేస్తారు. కారంలో తీపి కలపడం సరుకులో కల్తీ లాంటిదని నా అభిప్రాయం. అయినా రెండోసారి అడిగి వేయించుకున్నాను.

స్టేషను దాటాక ఉన్న రైసుమిల్లులో కాటా దగ్గర పనిచేస్తాడు శ్రీరాములు. రాణిని ఎవరికోసం తయారుచేశారో ఆ పెద్దాయనకు మేనల్లుడు. పెద్దాయన పేరు నాంచారయ్య. హంసలదీవి దారిలో ఓ పల్లెకారుల పేట ఆయనది. చిన్నప్పుడు అమ్మవారు పోసి చూపు పోయింది. వేళ్ళతో తడుముతూ వలలు బాగుచేస్తాడు. ఇంటి నుంచి వలల పాకకు భార్య మహాలక్ష్మి ఒక కర్ర కొస పట్టుకుని ముందు నడిచేది, రెండో కొస పట్టుకుని ఆయన వెనక నడిచేవాడు. మొన్నటి ఉప్పెనలో ఆమె పోయింది. మేనల్లుడు ఆయనను గుడివాడ తెచ్చుకుంటానంటున్నాడు. ఆయన రానంటున్నాడు.

శ్రీరాములు చెడ్డవాడయితే ఈ కథ రాయడం తేలికయ్యేది. అతను భుజాల మీది ఊక దులుపుకుని, మాకు బెంచీ వేసి, సోడాలు తెప్పించాడు.

"మీరు మంచోళ్ళే నర్సమ్మగారూ, కాదనట్లా. పోయిన వానాకాలం మా మావయ్య కాలవలో పడ్డాడు. ఎవరో చూశారు కాబట్టి సరిపోయింది. ఈసారి చూడకపోతే? ఈ కుక్కొచ్చి నాకు కబురు చెప్పుద్దా?"

"చెప్పదు నాయనా. పడకుండా చూసుద్ది."

"మా ఇంట్లో గది ఖాళీ చేసి పెట్టా. మా ఆవిడ మంచం కూడా నేయించింది. మా అత్తని ఎలాగూ కాపాడుకోలేకపోయాం. ఈయన్ని కూడా పోగొట్టుకోమంటారా?"

కాటా మీద బస్తా ఒకటి ఊగుతోంది. చివరికి అతనే తేల్చాడు.

"ఆదివారం మిల్లు సెలవు. నేనొస్తా. ఇంటి గుమ్మం నుంచి వలల పాకదాకా మావయ్య వెళ్ళాలి. మనిషి చెయ్యి పట్టుకోకూడదు, కుక్కే తీసుకెళ్ళాలి. వెళ్ళాడా, నేనిక నోరెత్తను. లేదా, సాయంత్రం బస్సుకి నాతో గుడివాడ. మీ కుక్క బందరు."

మంచి బేరం. మెలికలు లేవు, రెండు వైపులా తూకం సరిగ్గా ఉంది. నా అనుభవంలో అలాంటి బేరాలే మనుషులకు నిద్ర లేకుండా చేస్తాయి.

బస్సులో మేక

అవనిగడ్డ బస్సు కండక్టరు రాణిని చూసి మెట్టు మీద చెయ్యి అడ్డం పెట్టాడు. "కుక్కకి టిక్కెట్టు లేదండి. కోడికుంది, మేకకుంది."

"మేకకెంత?" అన్నాను. ఇది నా రంగం.

"అర టిక్కెట్టు."

"ఇది మేకకన్నా చిన్నది. పైగా పక్కవాళ్ళ కూరగాయల బుట్ట ముట్టదు. పావు టిక్కెట్టు కొట్టు."

కండక్టరు నన్ను ఓ క్షణం చూసి, పెన్సిల్ చెవి వెనక్కి తోశాడు. "మేకనే రాస్తా, అర టిక్కెట్టే కొడతా. దారిలో చెకింగు వాళ్ళెక్కితే అది మేకలాగే ఉండాలి. మొరిగిందంటే మీరే దిగుతారు."

రాణి సీటు కింద కూర్చుంది, మేక కూడా అంత బుద్ధిగా కూర్చోదు. ఎదురు సీటు ముసలమ్మ వంగి చూసి, "ఏం మేకయ్యా ఇది, మొహం ఇట్టా ఉంది?" అంది.

"బందరు జాతమ్మా" అన్నాడు ఖాదర్ వలీ నిదానంగా. "గడ్డం ఇంకా రాలేదు." ఆవిడ ఆయన గడ్డం వంక చూసి ఇంకేమీ అడగలేదు.

పులిగడ్డ దగ్గర ఏరు దాటి దివిసీమలోకి వచ్చాం. మా సీమలో నీళ్ళకోసం బావిలోకి తొంగిచూస్తాం. ఇక్కడ ఎటు చూసినా నీళ్ళే. కాలవలు, బోదెలు, వరిచేలు. చూసి కుళ్ళుకుంటూ కూర్చున్నాను. కోడూరు దాటాక తాటిచెట్లు కనిపించాయి. నిలబడ్డవన్నీ ఒకే వైపుకు ఒరిగి ఉన్నాయి, ఎవరో ఒకే చేత్తో తోసినట్టు. నా కుళ్ళు అక్కడ ఆగిపోయింది.

ఒకేలాంటి ఇళ్ళు

పేటలో ఉప్పెన తర్వాత కట్టిచ్చిన ఇళ్ళున్నాయి. వరసలుగా, అచ్చు పోసినట్టు ఒకేలా ఉన్నాయి. గట్టి ఇళ్ళే. నాంచారయ్య గుమ్మంలో కూర్చుని మా అడుగుల చప్పుడు విన్నాడు.

"నర్సమ్మగారు. ఖాదరు. మూడోవారి చెప్పులు కొత్తవి, డబ్బున్న మనిషి" అన్నాడు.

"చెప్పుల వరకేనండి" అన్నాను.

ఆయన నవ్వాడు. రాణి తలమీద చెయ్యి వేసి, చెవులు, భుజాలు, పట్టీలు, పిడి, అన్నీ వల తడిమినట్టు తడిమాడు. "పాతూళ్ళో అయితే ఇబ్బంది లేదండీ. ఒక్కో ఇంటిది ఒక్కో వాసన. ఒకళ్ళ దడి ములక్కంప, ఒకళ్ళది తాటి కమ్మ. చెయ్యి తగిల్తే ఎవరిల్లో తెలిసేది. ఇప్పుడన్నీ సిమెంటు గోడలే. ఓసారి వేరేవాళ్ళింట్లోకెళ్ళి మంచమెక్కి పడుకున్నా" అన్నాడు.

"గుడివాడ వెళ్తే నష్టమేంటి పెద్దాయనా?" అనడిగాను.

"అక్కడ వలలేవయ్యా? ఊరికే కూర్చోబెట్టి కూడు పెడతారు. కూడు పెడతారనే నా భయం."

పేటలో ఒక్క కుక్క కూడా లేదని నేను గమనించింది టీ బంకు దగ్గర. ఎందుకు లేవని అడిగాను. అడగకూడని మాట. బంకు అతను గ్లాసు కడగడం ఆపాడు.

"ఉప్పెన నీళ్ళు తీశాక మావాళ్ళు ఎక్కడెక్కడో పడున్నారండి. తీసుకొచ్చేదాకా ఆగుతయ్యా కుక్కలు? ఆకలి. వాటి తప్పు లేదంటారు చదువుకున్నోళ్ళు. కళ్ళతో చూసినోళ్ళం మేం." వరస చివరి ఇంటి వైపు గడ్డం ఎత్తి చూపించాడు. "ఆ ఇల్లు తిరపతమ్మది. ఇద్దరు పిల్లలు. ఆ రోజు తను కోడూరు వెళ్తా పిల్లల్ని మహాలక్ష్మి దగ్గర ఒదిలెళ్ళింది. ముగ్గురూ దొరకలా. అప్పట్నుంచీ ఆవిడ నాంచారయ్య బాబాయిని పలకరించదు. ఆయనా పలకరించడు. ఇద్దరిలో ఎవరికీ ఎవరి మీదా కోపం లేదండి. మొదట ఏ మాటనాలో తెలీదంతే."

నేను తాగిన టీకి ధర అడగకుండా డబ్బులిచ్చాను.

తిట్టుకు చుట్టరికం

శుక్రవారం పొద్దున నాంచారయ్య మొదటిసారి పిడి పట్టుకున్నాడు. నాలుగడుగులు చక్కగా పడ్డాయి. ఒక గుమ్మంలో చేపలు కడుగుతున్న ఒకావిడ తలెత్తి కుక్కను చూసి "ఛీ! పో!" అంది.

రాణి చెవులు నిక్కాయి. తోక లేచింది. నాంచారయ్యను లాక్కుని నేరుగా ఆవిడ దగ్గరికి వెళ్ళి, ఎదురుగా కూర్చుని, నోరు తెరిచింది.

ఆవిడ కెవ్వుమంది. పక్కింటివాళ్ళు "ఛీ పో" అన్నారు. రాణి అటు వెళ్ళింది. ఎదురింటి ముసలాయన కర్ర ఎత్తి "ఛీ ఛీ, పో" అన్నాడు. రెండుసార్లు ఛీ అన్నాడంటే ఎక్కువ పెడతాడనుకుంది కాబోలు, ఆయన దగ్గరికి పరిగెత్తింది. వెనకాల నాంచారయ్య, "ఓ కుక్కా, ఎక్కడికే! చేపల సంత పెట్టావా!" అంటూ ఒక గుమ్మం నుంచి ఇంకో గుమ్మానికి. వలల పాక ఎటుందో, వాళ్ళెటు పోతున్నారో.

ఖాదర్ వలీ నుదురు కొట్టుకున్నాడు. అప్పటికి అతనికి వెలిగింది. బందరులో తిట్టేవాళ్ళందరూ కుక్క దగ్గరికొచ్చి, తిట్టి, నోట్లో పెట్టారు. కుక్క కూర్చున్నచోటే కూర్చుంది. ఇక్కడ తిట్టు దూరం నుంచి, గుమ్మాల్లోంచి వస్తోంది. పిలుస్తున్నారనుకుని అదే వెళ్తోంది.

"ఏం నేర్పావయ్యా దీనికి?" అన్నారు నర్సమ్మగారు.

"తిట్టుకి భయపడొద్దని నేర్పానమ్మా."

"భయపడకపోవటం వేరు, చుట్టరికం కలుపుకోవటం వేరు!"

"విప్పుతానమ్మా. నేర్పిందాన్ని విప్పటానికి ఓ నెల పట్టుద్ది."

నెల లేదు. ఉన్నది శనివారం ఒక్కటే.

అప్పుడు నేను తెలివి చూపించాను. కుక్కను మార్చలేకపోతే కొనుగోలుదారును మార్చుదాం అన్నాను. ఆదివారం ఒక్క పూట ఎవరూ తిట్టకుండా ఉంటే చాలు కదా. ఇంటింటికీ వెళ్ళి బేరమాడతాను. పెడన దుప్పటి ఒకటి భుజాన వేసుకుని బయల్దేరాను, అవసరమైతే ఇచ్చేద్దామని. జీవితంలో మొదటిసారి ఏమీ అమ్మకుండా గడపగడపకూ తిరిగాను. ఏమీ అమ్మని శెట్టిని జనం ఎంత అనుమానంగా చూస్తారో అప్పుడు తెలిసింది.

"దుప్పటొద్దు, ఏవొద్దండి" అంది చేపలు కడిగినావిడ. "నాంచారయ్య బాబాయి ఊళ్ళో ఉండాలనే మాకూ ఉంది. ఆయన బాగుచేసిన వల ఆయనకన్నా ఎక్కువకాలం బతుకుద్ది. కాకపోతే కుక్క కనపడితే నోరు ఊరుకోదండీ. నేననాలని అనను. అదే వచ్చేసుద్ది."

"చీర చెంగు నోట్లో కుక్కుకోమ్మా ఒక్క పూట."

"ఆయన కోసం కుక్కుకుంటాలే. కుక్క కోసం కాదు."

అందరూ దాదాపు అలాగే ఒప్పుకున్నారు. చివరి ఇంటి దగ్గర తిరపతమ్మ నా మాట మొత్తం విన్నది. నా వయసులో సగముంటుంది. తలుపు వేసేసింది. అంత గట్టి జవాబు ఏ అంగట్లోనూ వినలేదు. వలల పాకకు దారి ఆ ఇంటి ముందు నుంచే.

ఆదివారం

శ్రీరాములు పొద్దున బస్సుకే వచ్చాడు. మామయ్య బట్టలకని ఖాళీ సంచీ తెచ్చుకున్నాడు. దాన్ని మడిచి చంకలో పెట్టుకున్నాడు, కనపడకుండా. అయినా అందరికీ కనపడింది.

నాంచారయ్య ఉతికిన పంచె కట్టుకున్నాడు. పిడి పట్టుకుని, "పదమ్మా రాణీ" అన్నాడు. మేమందరం వెనకాల దూరంగా నడిచాం.

పేటంతా గుమ్మాల్లో ఉంది, ఒక్కరూ మాట్లాడట్లేదు. ఆడవాళ్ళ నోళ్ళకు చెంగులడ్డం. కర్ర ఎత్తిన ముసలాయన చుట్ట అడ్డం తిప్పి పళ్ళతో కరిచిపట్టుకున్నాడు. రాణి గుంట దగ్గర ఆగింది, చుట్టూ తిప్పింది. పడి ఉన్న తెడ్డును తప్పించింది. ఖాదర్ వలీ పెదవులు కదులుతున్నాయి. దువా చదువుతున్నాడో, జుట్కా తోలుతున్నాడో తెలియలేదు. వరసలో ఒక్కో ఇల్లే వెనక్కి పోతోంది.

చివరి ఇంటి తలుపు తెరుచుకుంది. తిరపతమ్మ బిందె నడుమున పెట్టుకుని బయటికొచ్చింది. ఎదురుగా కుక్క. బిందె జారి కింద పడింది.

"ఛీ! పో!"

ఆ గొంతు వీధికి సరిపడేది కాదు. సముద్రందాకా వినపడేది. రాణి ఆగింది, తోక ఊపింది, దారి వదిలి నాంచారయ్యను ఆమె గుమ్మం ముందుకు లాక్కెళ్ళి కూర్చుంది. శ్రీరాములు నిట్టూర్చడం విన్నాను. అందులో గెలిచిన సంతోషం లేదు.

"ఛీ పో! పోవే!" అంది తిరపతమ్మ మళ్ళీ. రాణి ఇంకాస్త దగ్గరికి జరిగి ఆమె మొహంలోకి చూసింది.

"దీన్నేమంటే పోద్ది?" అని అరిచింది ఆమె మావైపు.

ఖాదర్ వలీ గొంతు సవరించుకున్నాడు. "ఆ మాట దానికి నేర్పలేదమ్మా" అన్నాడు.

నాంచారయ్య ఖాళీ చెయ్యి గాల్లోకి చాపాడు. గోడ తగిలింది. సిమెంటు గోడ, అన్నిటిలాంటిదే. "ఎవరి గుమ్మమిది?" అన్నాడు.

జవాబు వీధిలో అందరికీ తెలుసు. నోళ్ళకడ్డం పెట్టుకున్న చెంగులు అలాగే ఉన్నాయి, ఇప్పుడవి కుక్క కోసం కాదు.

"నాదే, బాబాయ్" అంది తిరపతమ్మ.

ఆయన చెయ్యి గోడ మీదే ఉండిపోయింది. "తిరపతమ్మా" అన్నాడు. ఆ తర్వాత, "మీ పిన్నుండగా రోజూ చెప్పేది, నీ చిన్నదానికి నీ గొంతే వచ్చిందని" అన్నాడు.

ఆమె కింద పడిన బిందెను చూస్తూ నిలబడింది. బిందె నోట్లోంచి మిగిలిన నీళ్ళు మట్టిలోకి ఇంకుతున్నాయి. శ్రీరాములు ముందుకు వచ్చి, "మావయ్యా, చాల్లే. పోదాం రా" అని ఆయన చెయ్యి పట్టుకోబోయాడు.

"నువ్వాగు" అంది తిరపతమ్మ. మేనల్లుణ్ణి చూసి కాదు, కుక్కనే చూస్తూ. గుమ్మం దిగింది. వలల పాక వైపు రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. గొంతు తగ్గించి, పళ్ళ బిగువున, "ఛీ పో" అంది.

రాణి లేచి ఆమె వైపు నడిచింది. పిడి పట్టుకుని నాంచారయ్య నడిచాడు.

ఆమె ఇంకో నాలుగడుగులు వేసింది. "ఛీ. పో." కుక్క వెనకాలే. కాలవగట్టు మీద ముందు ఆమె, వెనక రాణి, దాని వెనక ఆయన. మధ్యలో ఓచోట ఆమె తిట్టడం మర్చిపోయి నడుస్తోంటే రాణి ఆగిపోయింది. ఆమె తిరిగి చూసి, చెంగుతో మొహం తుడుచుకుని, మళ్ళీ తిట్టింది. పాకదాకా తిడుతూనే ఉంది.

మనిషి చెయ్యి పట్టుకోకూడదన్నది షరతు. ఎవరూ పట్టుకోలేదు. ఆ మాట శ్రీరాములుతో అనడానికి నా నాలుక ఎంత దురదపెట్టిందో మా వీధివాళ్ళకే అర్థమవుతుంది. అతనే నావంక చూసి, "ఏమంటారు శెట్టిగారూ? కుక్క తీసుకెళ్ళినట్టా, మనిషి తీసుకెళ్ళినట్టా?" అన్నాడు.

"నేను దుప్పట్ల బేరానికొచ్చానండి" అన్నాను.

అతను చంకలోని ఖాళీ సంచీ తీసి, ఇంకా చిన్నగా మడిచి జేబులో పెట్టుకున్నాడు. పాకలో నాంచారయ్య అప్పటికే మోకాళ్ళ మీద వల పరుచుకుని, తెగిన కన్ను కోసం వేళ్ళతో వెతుకుతున్నాడు. రాణి ఆయన పాదాల మీద గడ్డం ఆన్చుకుంది. తిరపతమ్మ పాక బయటే నిలబడి ఉంది, లోపలికి రాదు, వెళ్ళదు.

"ఇంటికెళ్ళేటప్పుడు కూడా నేనే రావాలా?" అంది విసురుగా.

నాంచారయ్య తలెత్తలేదు. వేళ్ళకు చిరుగు దొరికింది కాబోలు.

"పొద్దు వాలాక వస్తే చాలమ్మా" అన్నాడు.